కొత్త క్రూయిజర్ బైక్: తొలి కిలోమీటర్ల నుంచి ట్యూనింగ్ దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

షోరూంలో బిగించి ఇచ్చిన క్రూయిజర్ (తక్కువ ఎత్తు సీటు, పొడవైన ఒళ్లు ఉండే బైకు) ఎవరో సగటు మనిషి కొలతలకు సరిపోతుంది. మీ చేతుల పొడవు, మీ బరువు, వెనక ఎవరైనా కూర్చుంటారా లేదా అన్నవి చూసి దాన్ని సర్దలేదు. అందుకే బండి కొన్న కొత్తలో సైలెన్సర్ల కోసం వెతకడం కంటే ముందు ఉన్నదాన్ని మీకు తగ్గట్టు సర్దుకోండి. ఒక పానాల సెట్టు, టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), టేపు, గాలి గేజీ, నోటు పుస్తకం ఉంటే చాలు. ఒకసారి ఒక్కటే మార్చండి. మార్చకముందు ఎంత ఉంది, మార్చాక ఎంత అయింది రాసుకోండి. ఇక్కడ ఇచ్చిన అంకెలు చాలా క్రూయిజర్లకు సరిపోతాయి. మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి.

మొదటి 1,000 కి.మీ. ఎలా నడపాలి? మెల్లగా పోతే చాలా?

చాలదు. ఈ దశలో బండికి కావలసింది మారుతూ ఉండే వేగం. సిలిండర్ లోపలి గోడ మీద హోనింగ్ చేసినప్పటి (గరుకు రాయితో నూరినప్పటి) సన్నని గీతలు ఉంటాయి. పిస్టన్ రింగులు వాటి మీద ఒరుసుకుంటూ కుదురుకోవాలి. రింగును గోడకు అదిమి పెట్టేది ఇంజిన్‌లో ఇంధనం మండినప్పుడు పుట్టే ఒత్తిడే. మరీ సుతారంగా నడిపితే ఆ ఒత్తిడి చాలక గోడ నున్నబడిపోతుంది, రింగులు పట్టవు, ఆ తర్వాత ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. అలాగని మొదటి రోజే గట్టిగా తిప్పితే వేడి పెరిగి రింగుకీ గోడకీ దెబ్బ.

మొదటి 500 కి.మీ. రెడ్‌లైన్‌లో (మీటరులో ఎర్ర గీత దగ్గర ఉండే గరిష్ఠ వేగంలో) సగం ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు, దాటకండి. తర్వాతి 500 కి.మీ.లో మూడింట రెండు వంతుల దాకా వెళ్లవచ్చు. థ్రాటిల్ (యాక్సిలరేటర్) పూర్తిగా తిప్పవద్దు. హైవే మీద ఒకే వేగంతో గంటసేపు పోవద్దు. మధ్యస్థంగా పిక్కప్ ఇవ్వండి, వదిలి బ్రేకు పట్టకుండా ఇంజిన్ లాగుడుతోనే (ఇంజిన్ బ్రేకింగ్) వేగం తగ్గనివ్వండి, మళ్లీ ఇవ్వండి.

క్రూయిజర్లలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు వేరే ఉంది. టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) బాగా ఉంటుంది కాబట్టి టాప్ గేరులో 40 కి.మీ. వేగంలో కూడా బండి లాగేస్తుంది. అది లాగడం కాదు, ఈడ్వడం. తక్కువ ఆర్‌పీఎంలో థ్రాటిల్ ఎక్కువ తెరిస్తే ఒత్తిడంతా పిస్టన్ మీద, క్రాంక్ బేరింగుల మీద పడుతుంది. ఇంజిన్ దడదడలాడితే ఒక గేరు దించండి. పాతబడ్డాక కూడా ఇదే పద్ధతి.

కొత్త టైర్ల పైపొర నున్నగా ఉంటుంది. సుమారు 150 కి.మీ. వరకు మలుపుల్లో ఎక్కువ వంచకండి, తడి రోడ్డు మీద మరీ జాగ్రత్త. బ్రేకు ప్యాడ్లు కూడా డిస్కుకు కుదురుకోవాలి. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 కి.మీ. వేగానికి మధ్యస్థమైన ఒత్తిడితో పది పదిహేనుసార్లు తగ్గించండి. మధ్యమధ్య డిస్కు చల్లారేలా కాస్త దూరం బ్రేకు ముట్టకుండా నడపండి.

మొదటి సర్వీసులో ఏమేం చేయించాలి?

ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ రెండూ మార్చాలి. కొత్త ఇంజిన్‌లో ఒరిపిడి వల్ల రాలిన సన్నని లోహపు పొడి ఆయిల్‌లో కలిసి ఉంటుంది. ఫిల్టర్ మార్చకుండా ఆయిల్ ఒక్కటే పోస్తే చేసిన పని సగమే. దాంతో పాటు చైన్ లూజు, క్లచ్ ప్లే (లివర్ పని మొదలుపెట్టేలోపు వదులుగా ఆడే దూరం), స్టీరింగ్ హెడ్ బేరింగ్, స్పోకుల బిగువు, ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు చూడాలి. మాన్యువల్ అడిగితే వాల్వ్ క్లియరెన్స్ కూడా. కిలోమీటర్లు కాకపోయినా మాన్యువల్‌లోని నెలల గడువు దాటితే సర్వీసు చేయించాల్సిందే.

హ్యాండిల్, లివర్లు నాకు తగ్గట్టు ఎలా సర్దుకోవాలి?

నడిపేటప్పుడు వేసుకునే బూట్లు, జాకెట్, గ్లౌజులతోనే కూర్చోండి. భుజాలు వదులుగా, మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. హ్యాండిల్‌ను ఒకవైపు పూర్తిగా తిప్పినప్పుడు అవతలి చెయ్యి సాగదీయాల్సి వస్తే అది మీకు దూరంగా ఉన్నట్టు. యూటర్న్‌లో ఆ చెయ్యే పట్టు జారుతుంది.

క్లాంప్ బోల్టులు వదులు చేసి హ్యాండిల్‌ను కొద్దికొద్దిగా, ఒకసారికి నాలుగైదు డిగ్రీలే తిప్పండి. బిగించేటప్పుడు ముందు బోల్టులు ముందా, అన్నీ సమానంగానా అన్నది మాన్యువల్‌లో ఉంటుంది. రెండు విడతలుగా, టార్క్ రెంచితో బిగించండి. ఆ తర్వాత తప్పనిసరిగా చేయాల్సిన పరీక్ష ఒకటుంది. బండి న్యూట్రల్‌లో, ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. ఆర్‌పీఎం పెరిగితే థ్రాటిల్ కేబుల్ గుంజుకుంటున్నట్టు. అది సరిచేసేదాకా రోడ్డెక్కవద్దు. క్లచ్ కేబుల్, బ్రేకు హోసు కూడా ఎక్కడా బిగుసుకోకూడదు.

లివర్ల కోణానికి గుర్తు ముంజేయి. వేళ్లు లివర్ మీద పెట్టినప్పుడు మోచేతి నుంచి వేలి కొన దాకా ఒకే గీతలో ఉండాలి, మణికట్టు పైకి విరగకూడదు. క్లచ్ కేబుల్‌తో పనిచేసే బండ్లలో లివర్ చివర 10 నుంచి 15 మి.మీ. ప్లే ఉంచండి. ప్లే లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టదు: ఆర్‌పీఎం పెరుగుతుంది గానీ బండి వేగం పెరగదు, ప్లేట్లు కాలిపోతాయి. మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు: గేరు కరకరమంటుంది, న్యూట్రల్ దొరకదు. థ్రాటిల్ గ్రిప్‌కు 2 నుంచి 4 మి.మీ. చాలు.

వెనక బ్రేకు పెడల్ ఎత్తు మార్చుకుంటే బ్రేకు లైటు స్విచ్ కూడా మళ్లీ సర్దాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. లైటు ఆలస్యంగా వెలగవచ్చు, లేదా ఆరకుండా వెలుగుతూనే ఉండవచ్చు.

గంట నడిపేసరికి నడుము పట్టేస్తోంది. సీటు మార్చాలా?

చివరికి మార్చాల్సి రావచ్చు. కానీ దాంతో మొదలుపెట్టకండి. కాళ్లు ముందుకు చాచి కూర్చుంటే ఒంటి బరువంతా తోకఎముక మీద పడుతుంది. గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి దెబ్బ కాచుకునే వీలుండదు. పైగా క్రూయిజర్ల వెనక సస్పెన్షన్ కదిలేదే తక్కువ. కాబట్టి ముందు సస్పెన్షన్ సర్దండి, తర్వాత హ్యాండిల్‌ను దగ్గరికి తెచ్చుకోండి. 25 మి.మీ. వెనక్కి తెచ్చినా నడుము నిటారుగా నిలుస్తుంది. అప్పటికీ తగ్గకపోతే సీటు. షోరూంలో మెత్తగా ఉన్న సీటు గంటలో అణిగిపోయి అడుగు తగులుతుంది. వెడల్పుగా, కాస్త గట్టిగా ఉండే ఫోమ్ దూరప్రయాణానికి మేలు.

భుజాలు, మెడ నొప్పైతే కారణం గాలి కావచ్చు. నిటారుగా కూర్చున్న మనిషి ఛాతీని గాలి వెనక్కి నెడుతుంటే చేతులతో హ్యాండిల్‌ను పట్టుకుని వేలాడినట్టు అవుతుంది. విండ్‌షీల్డ్ పెట్టుకుంటే దాని పై అంచు మీ ముక్కు ఎత్తుకు రావాలి. చూపు దాని మీదుగా పోవాలి, దానిలోంచి కాదు. రాత్రి వానలో ఆ తేడా బాగా తెలుస్తుంది.

వెనక షాకబ్జార్బర్ల ప్రీలోడ్ ఎంత పెట్టాలి?

ప్రీలోడ్ అంటే బరువు పడకముందే స్ప్రింగును ఎంత నొక్కి ఉంచారో. దాన్ని గట్టిగా, మెత్తగా అన్న అంచనాతో కాకుండా కొలిచి పెట్టండి. కొలవాల్సింది శాగ్, అంటే మీరు కూర్చున్నప్పుడు వెనక భాగం ఎంత దిగుతుందో.

ముందు వెనక చక్రం గాల్లో ఉండేలా బండిని లేపి, ఇరుసు మధ్య నుంచి నేరుగా పైన మడ్‌గార్డ్ మీద అంటించిన టేపు గుర్తు దాకా కొలవండి. 560 మి.మీ. వచ్చిందనుకుందాం. తర్వాత పూర్తి సామగ్రితో మీరు కూర్చుని, ఇంకొకరు బండిని నిటారుగా పట్టుకోగా, రెండు మూడుసార్లు కిందికి నొక్కి వదిలి మళ్లీ కొలవండి. 522 వస్తే శాగ్ 38 మి.మీ. వెనక చక్రం మొత్తం కదలిక 90 మి.మీ. ఉన్న బండికి అందులో 30 శాతం, అంటే 27 మి.మీ. దగ్గర ఉండాలి. 38 ఎక్కువ. సీ-స్పానర్‌తో (షాకబ్జార్బర్ రింగును తిప్పే కొక్కెం పానా) ప్రీలోడ్ ఒక మెట్టు పెంచి మళ్లీ కొలవండి. రెండు షాకులున్న బండిలో రెండూ ఒకే మెట్టులో ఉండాలి.

ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడదు. బండి ఎత్తు మాత్రమే మారుతుంది. అందుకే ఇంకో కొలత కూడా తీసుకోండి: మీరు ఎక్కకుండా బండి తన బరువుతో తాను ఎంత దిగిందో. మీరు కూర్చున్నప్పుడు శాగ్ సరిగ్గా ఉండి, ఖాళీ బండి అసలు దిగకపోతే ఆ స్ప్రింగ్ మీ బరువుకు మెత్తనిది. ఇక ఎన్ని మెట్లు పెంచినా లాభం లేదు, స్ప్రింగే మార్చాలి. వెనక మనిషి, సామాను ఉన్న రోజు ప్రీలోడ్ పెంచి, దిగాక తగ్గించండి. పెంచకపోతే వెనక భాగం దిగి హెడ్‌లైటు ఎదుటివారి కళ్లలో కొడుతుంది, ముందు చక్రం మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది.

టైర్లలో గాలి ఎంత ఉండాలి?

స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కదిలే చట్రం) మీదో చైన్ గార్డు మీదో అంటించిన స్టిక్కర్‌లో ఉన్నంత. టైరు పక్కన అచ్చు వేసిన అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి, మీరు పెట్టాల్సింది కాదు. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక, చల్లగా ఉన్నప్పుడు కొలవండి. నడిపాక మూడు నాలుగు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెరగడం మామూలే, ఆ పెరిగిన గాలిని తీసేయకూడదు. వాతావరణం 5, 6 డిగ్రీలు చల్లబడితే సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. రుతువు మారినప్పుడల్లా చూడాల్సింది అందుకే. ముందు టైరులో తక్కువైతే హ్యాండిల్ బరువెక్కి బండి తిరగనంటుంది. వెనక తక్కువైతే మలుపులో ఊగినట్టు అనిపిస్తుంది.

మామూలు స్పోక్ చక్రాల్లో ట్యూబు ఉంటుంది. ట్యూబ్‌లెస్ టైరుకు వేసే పంచర్ ప్లగ్ దానికి పనికిరాదు. దూరం వెళ్లేటప్పుడు స్పేర్ ట్యూబు పెట్టుకోండి. ముందు రేడియల్, వెనక బయాస్ టైరు (లోపలి దారాల అల్లిక వేరైన రెండు రకాలు) లాంటి కలగలుపులు తయారీదారు చెబితే తప్ప వద్దు.

చైన్, బెల్ట్, షాఫ్ట్: దేన్ని ఎలా చూసుకోవాలి?

చైన్‌కే పని ఎక్కువ. చక్రం తిప్పుతూ చైన్ అన్నిటికంటే బిగువుగా ఉన్న చోటు పట్టుకోండి. అక్కడ కింది వరుస మధ్యలో పైకీ కిందికీ కదిపితే 25 నుంచి 35 మి.మీ. ఆడాలి. వదులుగా ఉన్న చోట కొలిచి బిగిస్తే బిగువు చోట మరీ బిగుసుకుపోతుంది. ముందు స్ప్రాకెట్, స్వింగ్‌ఆర్మ్ పివట్, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ ఇంకా లాగుకుంటుంది. అప్పుడు గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్ దెబ్బ తింటుంది. చైన్ కొద్దిగా లూజున్నా పర్వాలేదు గానీ బిగువు మాత్రం వద్దు. 500, 600 కి.మీ.కు ఒకసారి, వానలో నడిపితే ఆ రోజే లూబ్ వేయండి. కిరోసిన్, మెత్తని బ్రష్‌తో శుభ్రం చేయండి. పెట్రోలు, ఇనుప బ్రష్ ఓ-రింగులను (చైన్ లింకుల్లో గ్రీజును ఆపే రబ్బరు రింగులను) పాడుచేస్తాయి. నడిపి వచ్చాక చైన్ వెచ్చగా ఉన్నప్పుడు కింది వరుస లోపలివైపు కొడితే లూబ్ బాగా ఇంకుతుంది. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజిన్ ఆన్ చేసి గేరులో తిప్పుతూ గుడ్డతో తుడిస్తే వేళ్లు పోతాయి.

బెల్ట్‌కు నూనె, గ్రీజు ఏదీ తగలకూడదు. చల్లగా ఉన్నప్పుడు గేజీతో సుమారు 4.5 కిలోల బలంతో నొక్కి ఎంత వంగిందో మాన్యువల్‌తో పోల్చండి. పళ్ల మధ్య రాయి ఇరుక్కుంటే బెల్ట్‌కు చిల్లు పడుతుంది, కంకర రోడ్డు మీద వెళ్లి వచ్చాక ఒకసారి చూడండి. షాఫ్ట్ అయితే వెనక హబ్‌లోని గేర్ ఆయిల్‌ను గడువు ప్రకారం మార్చి, ఆయిల్ కారుతోందా అని చూస్తే చాలు.

కారు ఇంజిన్ ఆయిల్ పోయవచ్చా?

వద్దు. చాలా క్రూయిజర్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిళ్లలో చాలావాటికి రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు, వాటితో క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉంటే అది తడి క్లచ్ లేని స్కూటర్ల కోసం. చిక్కదనం, 10డబ్ల్యూ-40 అయినా 20డబ్ల్యూ-50 అయినా, మాన్యువల్ చెప్పిందే. కొన్ని పెద్ద వి-ట్విన్లలో (రెండు సిలిండర్లు వి ఆకారంలో ఉండే ఇంజిన్లలో) ఇంజిన్‌కు, ప్రైమరీకి (ఇంజిన్‌ను క్లచ్‌కు కలిపే భాగం), గేర్‌బాక్స్‌కు వేర్వేరు ఆయిళ్లు ఉంటాయి, ఒకదాన్ని ఇంకోదానిలో పోయకండి. మట్టం చూసే పద్ధతీ బండిని బట్టి మారుతుంది. చాలావాటిని నిటారుగా నిలబెట్టి చూడాలి, కొన్నిటిని సైడ్ స్టాండ్ మీదే చూడాలి.

సైలెన్సర్ మారిస్తే పవర్ పెరుగుతుందా?

శబ్దం పెరుగుతుంది. పవర్ సంగతి మీరు ఏం మార్చారన్న దాన్ని బట్టి ఉంటుంది.

హెడర్ పైపులు (ఇంజిన్ నుంచి బయటికి వచ్చే తొలి పైపులు), క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో కాలుష్యం తగ్గించే భాగం) అలాగే ఉంచి చివరి మఫ్లర్ ఒక్కటే మారిస్తే తేడా చిన్నది. బరువు తగ్గడమే ఎక్కువగా తెలుస్తుంది. ఎగ్జాస్ట్ మొత్తం మార్చి, గాలి ఎక్కువ వదిలే ఫిల్టర్ కూడా పెడితే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పెరుగుతుంది. ఇంధనం దానికి తగ్గట్టు పెరగాలి. నిలకడ వేగంలో ఆక్సిజన్ సెన్సర్ చెప్పేదాన్ని బట్టి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) గాలి, ఇంధనాల మిశ్రమాన్ని 14.7:1 దగ్గర ఉంచుతుంది, కాబట్టి అక్కడ తేడా తెలియదు. థ్రాటిల్ బాగా తెరిచినప్పుడు మాత్రం ఈసీయూ సెన్సర్‌ను పట్టించుకోకుండా ముందే రాసి ఉన్న మ్యాప్ ప్రకారం ఇంధనం ఇస్తుంది. ఆ మ్యాప్‌ను పాత ఎగ్జాస్ట్ కోసం రాశారు. అందుకే మిశ్రమం పలచనవుతుంది (గాలికి తగ్గ ఇంధనం ఉండదు), ఇంజిన్ వేడెక్కుతుంది, థ్రాటిల్ తెరవగానే తడబడుతుంది. కాబట్టి ఎగ్జాస్ట్, ఫిల్టర్, మ్యాప్ మూడూ కలిపి ఒకే పనిగా చేయించాలి. మ్యాప్‌ను డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద, మిశ్రమాన్ని కొలుస్తూ రాయించాలి. సెన్సర్‌ను మోసం చేసే చిన్న పెట్టెలతో ఆ పని కాదు.

అడ్డు లేని తిన్నని పైపులు పెడితే చాలాసార్లు మధ్య ఆర్‌పీఎంలో టార్క్ తగ్గుతుంది. క్రూయిజర్ కొన్నదే ఆ టార్క్ కోసం. కన్వర్టర్ తీసేయడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, వారంటీ చిక్కులు అదనం. తీసిన అసలు భాగాలను మాత్రం పారేయకండి.

థ్రాటిల్ వదిలినప్పుడు టప్ టప్‌మని పేలుతోంది. ప్రమాదమా?

కాలని ఇంధనం వేడి పైపులో గాలితో కలిసి మండుతోంది. అప్పుడప్పుడు సన్నగా వినిపిస్తే పట్టించుకోనక్కర్లేదు. కొత్తగా మొదలైతే, లేదా సైలెన్సర్ విప్పి బిగించాక వస్తే, పైపు కీళ్ల దగ్గర గాలి చొరబడుతోందేమో చూడండి. గాస్కెట్ చుట్టూ నల్లటి మసి గీత ఉంటే చోటు అదే. కొత్త గాస్కెట్ వేసి, రెండు నట్లనూ మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించండి.

మెల్లగా పోయేటప్పుడు, యూటర్న్‌లో బండి పడిపోయేలా ఉంటోంది.

ఇరుసుల మధ్య దూరం ఎక్కువ, ఫోర్కు వాలు ఎక్కువ. హైవేలో నిలకడ ఇచ్చేది అదే, తక్కువ వేగంలో బరువుగా అనిపించేదీ అదే. క్లచ్‌ను సగం పట్టులో ఉంచండి, థ్రాటిల్‌ను నిలకడగా ఉంచండి, వేగాన్ని వెనక బ్రేకుతో అదుపు చేయండి. చూపు వెళ్లాల్సిన చోట ఉండాలి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టుకుంటే బండి అక్కడికక్కడే పక్కకు ఒరుగుతుంది, క్రూయిజర్లు కింద పడేది ఎక్కువగా ఇలాగే. పడుతుందని తెలిశాక కాలు అడ్డం పెట్టి ఆపాలని చూడకండి. 250 కిలోలు దాటే బరువు మోకాలిని విరిచేస్తుంది.

గట్టిగా ఆపాల్సి వచ్చినప్పుడు రెండు బ్రేకులూ వాడండి. పొడవైన, కిందికి ఉండే బండిలో బరువు ముందుకు తక్కువగా మారుతుంది కాబట్టి, మిగతా రకాల బైకులతో పోలిస్తే వెనక బ్రేకు ఇక్కడ ఎక్కువ పని చేస్తుంది.

మలుపులో ఫుట్‌రెస్ట్ నేలకు రాసుకుంటోంది.

మడిచే ఫుట్‌రెస్ట్ కింద ఉన్న చిన్న మొన అందుకోసమే, ముందుగా తాకి హెచ్చరిస్తుంది. ఉలిక్కిపడి థ్రాటిల్ వదిలేయకండి, వదిలితే బండి ఇంకా దిగి ఇంకా రాసుకుంటుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, లోపల నిలకడగా లాగించండి. ప్రీలోడ్ తక్కువున్నా ఇలాగే జరుగుతుంది. మడవని భాగం, అంటే ఫ్రేమో సైలెన్సరో తాకిందంటే చక్రం నేల వదిలే ప్రమాదం ఉంది.

బ్యాగులు కట్టాక హైవే మీద బండి ఊగుతోంది.

హ్యాండిల్‌ను బిగపట్టకండి, బ్రేకు గట్టిగా కొట్టకండి. థ్రాటిల్ మెల్లగా తగ్గించండి. ఆగాక టైరు గాలి, తర్వాత సామాను చూడండి. వెనక ఇరుసు దాటి పెట్టిన బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. బరువైనవి కింద, ఇరుసుకు ముందు, రెండువైపులా సమానంగా ఉండాలి. సామాను తీసేశాక కూడా ఊగితే స్టీరింగ్ హెడ్ బేరింగ్, చక్రాల బేరింగులు, స్వింగ్‌ఆర్మ్ బుష్‌లు ఈ వరుసలో చూపించండి.

నట్లు, బోల్టులు వదులవుతున్నాయి. గట్టిగా బిగిస్తే సరిపోతుందా?

పెద్ద వి-ట్విన్ వైబ్రేషన్‌కు వదులవుతాయి. కానీ అల్యూమినియం మరలు అతిగా బిగిస్తే తెగిపోతాయి. 6 మి.మీ. బోల్టుకు సాధారణంగా 10, 8 మి.మీ. బోల్టుకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు చాలు. మరను శుభ్రంగా తుడిచి ఒక చుక్క నీలం థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టి ఉంచే జిగురు) వేయండి. ఎరుపుది వేస్తే వేడి చేయకుండా విప్పలేరు. ఈ వైబ్రేషన్ ఫోన్ కెమెరాకూ ప్రమాదమే. పెద్ద ఇంజిన్ల కంపనాలు ఐఫోన్ కెమెరాలను పాడుచేయవచ్చని యాపిల్ కంపెనీ 2021లోనే హెచ్చరించింది. హ్యాండిల్‌కు ఫోన్ బిగించాలనుకుంటే కంపనాలు మింగే మౌంట్ వాడండి.

అదనపు లైట్లు పెట్టాక బ్యాటరీ దిగిపోతోంది.

రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టులు చూపాలి. 12.4 కంటే తగ్గితే చార్జి చేయండి. ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం దగ్గర ఉన్నప్పుడు 13.5 నుంచి 14.7 మధ్య ఉంటే చార్జింగ్ బాగున్నట్టు. రెండు 20 వాట్ల లైట్లు కలిపి సుమారు 3.3 ఆంపియర్లు తీసుకుంటాయి. వాటికి 5 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా పెట్టి, కీ ఆఫ్ చేస్తే ఆగేలా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ద్వారా కలపండి. హెడ్‌లైట్ వైరును కోసి కలపడం మంటలకు దారి. బండి వారాల తరబడి ఆగితే ఆటోమేటిక్ చార్జర్ పెట్టి ఉంచండి. రోజూ ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే బ్యాటరీ నిండదు, సైలెన్సర్‌లో తేమ మాత్రం చేరుతుంది.

కడిగేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఇంజిన్ చల్లారాక కడగండి. ప్రెషర్ వాషర్ మొన చక్రాల బేరింగులు, స్టీరింగ్ హెడ్, చైన్, స్విచ్‌ల వైపు పెట్టకండి, నీరు సీళ్లు దాటి గ్రీజును కడిగేస్తుంది. మ్యాట్ పెయింట్‌కు పాలిష్, వ్యాక్స్ వాడితే మచ్చలుగా మెరుస్తుంది. క్రోమ్‌ను ఆరబెట్టి, వ్యాక్స్ పలచగా పట్టించండి. హెడర్ పైపు నీలం రంగు తిరగడం వేడి వల్లే, తుప్పు కాదు. కడగడం అయ్యాక ఖాళీ చోట మెల్లగా నడుపుతూ రెండు బ్రేకులూ నాలుగుసార్లు పట్టి డిస్కులు ఆరనివ్వండి, తర్వాత చైన్‌కు లూబ్ వేయండి.